ప్యాడ్లు, డిస్కులు మార్చాక బ్రేక్ పట్టేస్తోందా? పార్టులు కొనే ముందు బ్లీడర్ నిపుల్ తిప్పి చూడండి

పాత ప్యాడ్లు అరిగిపోయి కీచుమంటున్నా చక్రం మాత్రం హాయిగా తిరిగేది, కొత్త ప్యాడ్లు కొత్త డిస్కులు వేసిన దగ్గర్నుంచి బండిని ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, ఈమధ్య నా కారుకే ఆ పరిస్థితి వచ్చింది. ఇలా అయినప్పుడు అందరి అనుమానం ముందు కొత్త సామాను మీదకే పోతుంది. ప్యాడ్లు నకిలీవేమో, డిస్క్ వంకరేమో అని. అది కాదని తేలితే ఇక ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ పోయిందంటారు, అదీ మార్చాక తగ్గకపోతే, పెడల్ నొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ని గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ అంటారు. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది, కాదనను, కానీ అప్పటికి సగం బ్రేక్ సిస్టమ్ కొత్తదైపోతుంది, అసలు ఏది పాడైందో మాత్రం తెలీదు. నేనైతే సామాను జోలికి వెళ్ళే ముందు ఒక్క సంగతే తేల్చుకుంటాను. ప్యాడ్‌ని డిస్క్‌కి అదిమిపెట్టి ఉంచుతున్నది గొట్టాల్లో మిగిలిపోయిన ఆయిల్ ప్రెషరా, లేక ఎక్కడో ఇనుము ఇనుముకి పట్టేసిందా? ఈ రెండిట్లో ఏదో తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అసలు పట్టేయడం అంటే ఎంత? డిస్క్ బ్రేక్ ఉన్న చక్రాన్ని పైకి లేపి తిప్పితే గిరగిరా తిరుగుతూనే ఉండాలని ఆశించకండి. ప్యాడ్‌ని వెనక్కి లాగడానికి చాలా క్యాలిపర్లలో ప్రత్యేకంగా స్ప్రింగ్ ఏమీ ఉండదు. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీల్ ఉంటుంది. బ్రేక్ నొక్కితే పిస్టన్ ముందుకి జరుగుతూ ఆ సీల్‌ని కూడా కాస్త వంచుతుంది, పెడల్ వదలగానే సీల్ మళ్ళీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెనక్కి తెస్తుంది. అలా వెనక్కి వచ్చేది మిల్లీమీటరులో చిన్న భాగం. అంటే ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌కి తాకీ తాకనట్టే ఉంటుంది, కొత్తవి వేసినప్పుడైతే సన్నగా రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఒక చేత్తో తిప్పితే చక్రం తిరిగి, ఒక చుట్టు అటూ ఇటుగా ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. రెండు చేతులూ పెట్టి బలంగా తోస్తే తప్ప కదలకపోతేనే అది పట్టేయడం.

ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. ఇంజిన్ శక్తి వెళ్ళే చక్రమైతే న్యూట్రల్‌లో ఉన్నా గేర్‌బాక్స్ బరువు చేతికి తగులుతుంది, దాన్ని బ్రేక్ అనుకోకూడదు. రెండోది, చక్రం విప్పేసి ఉత్త డిస్క్‌ని తిప్పి చూడటం. చక్రం నట్లు బిగించి లేనప్పుడు డిస్క్ హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీద వదులుగా ఉండి కొంచెం పక్కకి ఒరుగుతుంది, ఒరిగి ప్యాడ్లకి ఇరుక్కుంటుంది. నట్ల కింద వాషర్లు పెట్టి డిస్క్‌ని హబ్‌కి గట్టిగా బిగించి అప్పుడు తిప్పండి. ఈ ఒక్క పనితోనే సమస్య మాయమైన సందర్భాలున్నాయి, ఎందుకంటే అసలు అక్కడ సమస్యే లేదు.

మరి నిజంగానే పట్టేస్తుంటే, పాత ప్యాడ్లతో లేనిది కొత్తవి వేయగానే ఎందుకొచ్చింది? పాత ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది, అలా ఏళ్ళ తరబడి బయటికొచ్చి ఉన్న భాగం మీద, దుమ్ము ఆపే బూట్ ఎక్కడైనా చిరిగి ఉంటే తడీ తుప్పూ చేరతాయి. ఇప్పుడు మందంగా ఉన్న కొత్త ప్యాడ్, మందంగా ఉన్న కొత్త డిస్క్ పట్టాలంటే ఆ పిస్టన్‌ని పూర్తిగా లోపలికి నెట్టాలి. తుప్పు పట్టిన భాగమంతా సీల్‌ని రాసుకుంటూ వెళ్ళి లోపల కూర్చుంటుంది, ఇకనుంచి సీల్ పనిచేయాల్సింది ఆ గరుకు మీదే. క్యాలిపర్ అటూ ఇటూ జారే స్లైడ్ పిన్నులూ అంతే, ఇన్నాళ్ళూ ఒక చోట ఆడుతున్న పిన్ను ఇప్పుడు వేరే చోటికి జరుగుతుంది, అక్కడ గ్రీజు ఎండిపోయి ఉంటుంది. పైగా అరిగిన సామానుతో ఎటు చూసినా కాస్త సందు ఉండేది, ఇప్పుడు అన్నీ నిండు కొలతల్లో ఉన్నాయి కాబట్టి ఆ సందు లేదు. కొత్త పార్టులు రోగాన్ని తేలేదు, లోపలున్న రోగాన్ని బయటపెట్టాయి అంతే.

ఏ చక్రం పట్టేస్తోందో తెలుసుకోవడానికి చేత్తో తిప్పడం కన్నా వేడి చూడటం నమ్మకమైన పద్ధతి. వీలైనంత వరకు బ్రేక్ వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి, నెమ్మదిగా వేగం తగ్గించి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ముందు రెండు చక్రాలు ఒకదానితో ఒకటి, వెనక రెండు ఒకదానితో ఒకటి పోల్చండి. ముందుకీ వెనక్కీ పోల్చకండి, ముందు బ్రేకులు ఎక్కువ పని చేస్తాయి కాబట్టి వేడి తేడా సహజం. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, అందుకని రెండు వైపులా ఒకే చోటికి, ఒకే దూరం నుంచి గురి పెట్టాలి. అంకె ఎంత అన్నది కాదు, తేడా ఎంత అన్నదే మనకి కావాలి. పదో పదిహేనో డిగ్రీల తేడాని నేను పట్టించుకోను, ఒకవైపు రెండింతలు చూపిస్తే అదే దొంగ. థర్మామీటర్ లేకపోతే రిమ్ దగ్గర చేయి ఆనించకుండా ఉంచినా సెగ తెలుస్తుంది. డిస్క్‌ని మాత్రం ముట్టుకోకండి, చర్మం అంటుకుపోయేంత వేడి ఉండొచ్చు.

నా కారులో ఎడమవైపు ముందు చక్రం. కాస్త దూరం వెళ్ళగానే కాలిన వాసన, స్టీరింగ్ వదిలితే బండి ఎడమకి లాగడం. బ్రేక్ నొక్కకుండానే ఒక పక్కకి లాగుతుంటే ఆ పక్కదే పట్టేసిందని అర్థం. నొక్కినప్పుడు మాత్రమే లాగుతుంటే కథ తిరగబడుతుంది, రెండో పక్కది సరిగా పట్టట్లేదేమో చూడాలి.

ఇప్పుడు ఆ అసలు పరీక్ష. బండి సమతలం మీద ఉండాలి, నేల మీదే ఉండే చక్రాలకి అడ్డు పెట్టాలి, జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వేయాలి. ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా నొక్కించి వదిలించండి. చక్రం తిప్పి చూడండి, పట్టేసే ఉందిగా? ఇప్పుడు క్యాలిపర్ మీదున్న బ్లీడర్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) పారదర్శకంగా ఉన్న సన్న ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్‌ని పావు చుట్టో అర చుట్టో వదులు చేయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఎందుకంటే ప్రెషర్ ఉంటే ఆయిల్ చిమ్ముతుంది. అలా చిమ్మి చక్రం వదులైపోతే గొట్టాల్లో ప్రెషర్ ఇరుక్కుందన్నమాట, అంటే తప్పు క్యాలిపర్‌కి పైన ఎక్కడో ఉంది. ఆయిల్ బొట్లు బొట్లుగా కారి చక్రం ఎప్పటిలాగే బిగిసి ఉంటే ప్రెషర్ లేదు, తప్పు చక్రం దగ్గరే, చేతికి అందే చోటే ఉంది. నిపుల్ బిగించి, పెడల్ మెత్తగా అనిపిస్తే గాలి తీయండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాలి, లేకపోతే పెయింట్ ఊడొస్తుంది.

ఈ పరీక్ష బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడే చేయాలి. రాత్రంతా ఉంచి పొద్దున్నే చేస్తే కొన్ని లోపాలు దొరకవు, ఎందుకో కింద చెప్తాను.

నా బండిలో ఆయిల్ బొట్లు బొట్లుగా వచ్చింది, చక్రం కదల్లేదు. అంటే క్యాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం (హోస్), మాస్టర్ సిలిండర్, కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఇవన్నీ ఒక్క దెబ్బతో పక్కకి పోయాయి. ఇక క్యాలిపర్ విప్పడమే.

క్యాలిపర్ విప్పేటప్పుడు ఏది ఎలా ఊడొస్తోందో గమనించడం సగం పని. బోల్టులు తీశాక క్యాలిపర్ చేత్తో లాగితే రావాలి. రాకుండా ప్యాడ్లు డిస్క్‌ని పట్టుకునే ఉంటే పిస్టన్ మీద అనుమానం. క్యాలిపర్ సులువుగా వచ్చేసి, ప్యాడ్లు మాత్రం అవి కూర్చునే బ్రాకెట్‌లో బిగుసుకుని సుత్తితో తట్టితే గానీ ఊడకపోతే క్లిప్పుల దగ్గర అనుమానం. ఊడిన క్యాలిపర్‌ని హోస్‌కి వేలాడదీయకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కి కట్టండి. ఆ బరువుకి హోస్ లోపలి పొర చిట్లితే ఇంకో కొత్త తలనొప్పి.

నాకు ప్యాడ్లే బిగుసుకుని దొరికాయి. ప్యాడ్ వెనక ఇనుప పలకకి రెండు పక్కలా చెవులుంటాయి, అవి బ్రాకెట్‌లో స్టీలు క్లిప్పుల మీద జారాలి. బొటనవేలితో నొక్కితే జరగాలి, అంతే కావాల్సింది. కొత్త ప్యాడ్లతో పాటు కొత్త క్లిప్పులు వేసినా, క్లిప్ కింద బ్రాకెట్ మీద తుప్పు పొర పేరుకుని ఉంటే అది క్లిప్‌ని పైకి ఎత్తేస్తుంది, సందు ఇరుకైపోతుంది. పైకి చూస్తే కొత్త క్లిప్ తళతళలాడుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. క్లిప్పులు పీకి, వైర్ బ్రష్‌తో, దానికీ రాకపోతే ఆకురాయితో, అసలు లోహం కనపడే వరకు గీకాలి. లోహాన్ని అరగదీయకూడదు, తుప్పు వరకే. అప్పటికీ ప్యాడ్ బిగువుగా ఉంటే చెవుల మీద ఫ్యాక్టరీ పెయింట్ మందంగా ఉందేమో చూసి ఆ పెయింట్‌ని కాస్త గీకొచ్చు. చాలామంది ఈ వరస తిరగేస్తారు. ముందే కొత్త ప్యాడ్ చెవుల్ని రాకేసి ఎలాగోలా దూరేలా చేస్తారు, తుప్పు మాత్రం కిందే పెరుగుతూ ఉంటుంది, కొన్నాళ్ళకి ఆ సందూ పూడిపోతుంది. గీకిన దుమ్ముని మాత్రం నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి, బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి.

తుప్పుతోనే అయిపోలేదు, కింది స్లైడ్ పిన్ను కూడా బిగుసుకుని ఉంది. ఒకే పిస్టన్ ఉండే మామూలు క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి ప్యాడ్‌ని మాత్రమే నొక్కుతుంది, దాని ఎదురు తోపుకి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను జారకపోతే క్యాలిపర్ జరిగిన చోటే ఉండిపోతుంది, ప్యాడ్ డిస్క్‌ని వదలదు. పిన్ను వేళ్ళతో తిరగాలి, లోపలికీ బయటికీ ఆడాలి. నాది ప్లయర్స్‌తో మెలితిప్పితే గానీ రాలేదు. ఇదివరకెప్పుడో ఒక షెడ్డులో దానికి మామూలు బేరింగ్ గ్రీజు పెట్టారు, ఆ గ్రీజుకి పిన్ను చివరున్న రబ్బరు తొడుగు ఉబ్బిపోయింది. పెట్రోలియం గ్రీజు, వాజెలిన్ లాంటివి ఈ రబ్బరుకి పడవు. సిలికాన్ గ్రీజు గానీ, బ్రేకుల కోసమే అని రాసి ఉన్న సింథటిక్ గ్రీజు గానీ వాడాలి. కాపర్ గ్రీజు సంగతి చాలామంది అడుగుతుంటారు, పిన్నులకి నేనైతే అసలు పెట్టను. ఏ గ్రీజైనా పల్చగా రాయాలి తప్ప కూరకూడదు. పిన్ను దూరే రంధ్రం అవతలి కొస మూసుకుని ఉంటుంది, లోపల గ్రీజు నింపేస్తే పిన్ను తోసినప్పుడల్లా గ్రీజూ గాలీ కలిసి దాన్ని వెనక్కి తంతాయి. పిన్ను పెట్టాక బూట్‌ని వేళ్ళతో కొంచెం నొక్కి లోపలి గాలి వదిలేయండి.

పిన్నుల్లో ఇంకో మెలిక ఉంది. చాలా క్యాలిపర్లలో పైదీ కిందదీ ఒకేలా ఉండవు. ఒకదానికి రబ్బరు తొడుగు ఉంటుంది, లేదా ఒక పక్క చదునుగా ఉంటుంది. అటుది ఇటు పెడితే కొన్ని క్యాలిపర్లలో రెండూ దూరతాయి, బోల్టూ ఎక్కుతుంది, కానీ సరిగా జారవు. విప్పేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది, తీసుకోకపోతే రెండోవైపు చక్రం ఇంకా విప్పకుండా ఉంచుకోండి, చూసి పెట్టుకోవచ్చు.

పిస్టన్ పరీక్ష వేరు. పాత ప్యాడ్‌ని అడ్డుపెట్టి సి-క్లాంప్‌తో (సి ఆకారంలో ఉండే మర బిగింపు) నెమ్మదిగా తిప్పితే పిస్టన్ ఒకే తీరులో లోపలికి జారాలి. ఆగి ఆగి వెళ్తున్నా, ఒక పక్కకి ఒరుగుతున్నా, ఒంటి చేత్తో తిప్పలేనంత గట్టిగా ఉన్నా ఆ పిస్టన్ పని అయిపోయినట్టే. నిపుల్ వదులు చేసి నెడితే సులువుగా వెళ్ళి, బిగించి నెడితే మొరాయిస్తుంటే పిస్టన్ మంచిదే, పైన దారి మూసుకుంది. నేను ఎటూ నిపుల్ వదులు చేసే నెడతాను, క్యాలిపర్‌లో ఏళ్ళుగా అడుగున ఉన్న మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ యూనిట్ వైపు పోకుండా బయటికి వచ్చేస్తుంది. బూట్ చిరిగి, పిస్టన్ మీద గుంటలు పడ్డ తుప్పు ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ పెట్టడం నాకు నచ్చదు. గుంట గుంటగానే ఉంటుంది, పోయేది పైపూత. సీల్ కిట్, కొత్త పిస్టన్, లేదా మొత్తం క్యాలిపర్, ఏది దొరికితే అది వేయండి.

డిస్క్ గురించి రెండు ముక్కలు. పట్టేయడం చుట్టు మొత్తం ఒకేలా ఉందా, చుట్టుకి ఒకసారి మాత్రమే తగులుతోందా అన్నది చూడండి. చుట్టుకి ఒకసారైతే డిస్క్ హబ్ మీద తిన్నగా కూర్చోలేదు. హబ్ మీద తుప్పు పొరో, చిన్న పెచ్చో చాలు, అంచుకి వచ్చేసరికి ఆ వంకర పెరుగుతుంది. చాలా కార్లకి బిగించాక డిస్క్ ఊగు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకూడదు. హబ్ శుభ్రం చేయకుండా కొత్త డిస్క్ వేయడం ఎంత మామూలైపోయిందో చెప్పక్కర్లేదు. ఇంకోటి, పెట్టె మీద మీ కారు పేరే ఉన్నా ఒక్కో మోడల్‌కి రెండు మూడు రకాల బ్రేకులు వస్తాయి. వెర్నియర్‌తో మందం, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీ ఎత్తు పాతదానితో పోల్చండి, ఎత్తులో తేడా ఉంటే వేసేయకుండా వెనక్కి ఇచ్చేయండి. డిస్క్ వెనకున్న రేకు వంగి తగులుతుంటే ఘోరమైన చప్పుడు వస్తుంది గానీ వేడెక్కదు, దాన్ని చేత్తో వంచితే చాలు. ప్యాడ్ వెనకుండే పల్చటి రేకు, అదే పాత షిమ్‌ని తీసి, అప్పటికే షిమ్ అంటించి వచ్చిన కొత్త ప్యాడ్ మీద పెడితే మందం ఎక్కువైపోతుంది, అదీ ఒకసారి చూడండి.

ఇక నిపుల్ తిప్పగానే ఆయిల్ చిమ్మి చక్రం వదులైన వాళ్ళ సంగతి. నా పని అయిపోయిందని చేతులు కడుక్కుంటుండగా మా బావమరిది ఫోన్. "బావా, నాదీ ప్యాడ్లు మార్చాను, అదేంటో పొద్దున బాగానే ఉంటుంది, కాస్త దూరం పోయాక ముందు రెండూ పట్టేస్తున్నాయి." "చల్లారాక వదులుతోందా?" "ఆ, గంట ఆపితే మళ్ళీ మామూలే." "అయితే చక్రాల దగ్గర చూడకురా, పెడల్ దగ్గర చూడు" అన్నాను.

ఎందుకంటే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే రిజర్వాయర్‌కి (బ్రేక్ ఆయిల్ డబ్బా) వెళ్ళే ఒక సన్నటి దారి తెరుచుకుంటుంది. బ్రేకులు వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, ఎక్కువైనది ఆ దారి గుండా పైకి పోవాలి. పెడల్ ఒక్క పిసరు నొక్కి ఉన్నా దారి మూసుకుంటుంది, వ్యాకోచించిన ఆయిల్ ఎటూ పోలేక ప్యాడ్లనే తోస్తుంది, దానితో ఇంకా వేడి, ఇంకా ప్రెషర్, పెడల్ రాయిలా పైకి వచ్చేస్తుంది. చల్లారితే ప్రెషర్ దిగిపోతుంది. పొద్దున్నే పరీక్ష చేస్తే దొరకదు అన్నది అందుకే.

పెడల్‌ని పిసరంత నొక్కి ఉంచేవి చాలా ఉన్నాయి. బ్రేక్ లైటు స్విచ్ ముందుకి బిగించి ఉండటం, పెడల్ కీలు దగ్గర తుప్పు, కింద మడతపడ్డ మ్యాట్. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో వాక్యూమ్ పోయేదాకా పెడల్ నాలుగైదు సార్లు నొక్కి, తర్వాత వేలితో నొక్కి చూస్తే మొదట కొన్ని మిల్లీమీటర్లు ఏ బరువూ లేకుండా ఆడాలి. ఆ ఆట లేకపోతే కారణం అక్కడే. అది బాగుంటే బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్యనున్న కడ్డీ పొడవు ఎక్కువుందేమో చూడాలి, ముఖ్యంగా వాటిలో ఏదో ఒకటి ఎప్పుడైనా మార్చి ఉంటే. బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడు మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి బూస్టర్ నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకి లాగండి. చక్రాలు వదిలేస్తే కడ్డీయో పెడల్ వైపో తప్పు. వదలకపోతే మాస్టర్ సిలిండర్ లోపలే. మా వాడిది స్విచ్చే. ప్యాడ్లు మార్చేటప్పుడే అదెలా కదిలిందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు, కాలితో తన్ని ఉంటాడని నా ఊహ.

ఒక్క చక్రమే ప్రెషర్‌తో పట్టేసి, ఆపి కూర్చుంటే నెమ్మదిగా దానంతటదే వదులుతుంటే హోస్ మీద అనుమానపడండి. లోపలి పొర ఉబ్బో చిట్లో దారి సన్నమైపోతుంది. మన కాలు తోసే ప్రెషర్‌కి ఆయిల్ అవతలికి పోతుంది, వెనక్కి రావాల్సినప్పుడు ఆ బలం ఉండదు కదా, ఇరుక్కుపోతుంది. బయటికి హోస్ కొత్తదానిలా ఉండొచ్చు. దాన్ని పట్టి ఉంచే ఇనుప బిగింపు లోపల తుప్పు పేరుకుని నులిమేయడం కూడా జరుగుతుంది. తేల్చుకోవాలంటే హోస్‌కి పైన, ఇనుప పైపు కలిసే చోట వదులు చేయండి. అక్కడ వదిలినా చక్రం బిగిసే ఉండి, నిపుల్ దగ్గర వదిలితేనే తిరిగితే హోసే దోషి. మార్చేటప్పుడు కొత్త వాషర్లు వేయండి, క్యాలిపర్ పెట్టేటప్పుడు హోస్ మెలిపడిందేమో స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి చూడండి.

ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం జతగా పట్టేస్తుంటే ఆశ్చర్యపోకండి. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో బ్రేక్ సర్క్యూట్లు ఐమూలగా ఉంటాయి, అంటే మాస్టర్ సిలిండర్‌లో ఒక సగం సరిగా వదలట్లేదని. నాలుగూ పట్టేస్తుంటే, రిజర్వాయర్ మూత కింది రబ్బరు ఉబ్బి వదులైపోయి ఉంటే మాత్రం గుండె గట్టి చేసుకోండి, ఎవరో బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారు. అది తగిలిన ప్రతి రబ్బరూ మార్చాల్సిందే, కడిగితే పోయేది కాదు.

వెనక డిస్కులున్న కార్లలో ఇంకో రకం గొడవ, హ్యాండ్ బ్రేక్. క్యాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ ఉంటే పిస్టన్‌ని చాలావాటిలో తిప్పుతూ లోపలికి పంపాలి, సి-క్లాంప్‌తో బలవంతంగా నెడితే లోపలి మర దెబ్బతింటుంది. తిప్పడం అయ్యాక పిస్టన్ మొహం మీది గాడి, ప్యాడ్ వెనకున్న చిన్న బుడిపె ఎదురెదురుగా ఉండాలి, లేకపోతే ప్యాడ్ వంకరగా కూర్చుంటుంది. క్యాలిపర్ మీది లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగే చోట ఆనిందా చూడండి, ఆనకపోతే కేబుల్ లోపల తుప్పు పట్టింది లేదా ఎక్కువ బిగించారు. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండికి ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా చేయి పెట్టకండి. డిస్క్ మధ్య టోపీలో చిన్న డ్రమ్ములా బ్రేక్ షూలు ఉండే రకమైతే, పాత డిస్క్ అరుగుదలకి తగ్గట్టు సర్దిన షూలు కొత్తదాంట్లో పట్టేస్తాయి, రంధ్రంలోంచి పళ్ళ చక్రాన్ని కొన్ని పళ్ళు వెనక్కి తిప్పాలి.

కొద్దిగానే కదా, అరిగితే అదే సర్దుకుంటుందిలే అని నడిపేవాళ్ళున్నారు. సన్నగా రాసుకోవడం సర్దుకుంటుంది, కాలిన వాసన వచ్చేది సర్దుకోదు. కొత్త డాట్ 4 ఆయిల్ మరిగేది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పట్టేసిన చక్రం దగ్గర అంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ నొక్కితే నేలకి ఆనుతుంది, బండి ఆగదు. ఇలా బాగా కాలిన ప్యాడ్లు కొత్తవే అయినా మార్చేయమంటాను, పై పొర గాజులా మెరుస్తుంటే ఇక అవి సరిగా పట్టవు. ఆ చక్రం దగ్గరి ఆయిల్ కూడా కొత్తది వచ్చేదాకా బయటికి తీసేయండి.

అన్నీ సర్ది బిగించాక కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కండి, పిస్టన్లు వెనక్కి నెట్టాం కాబట్టి మొదటి రెండు మూడు నొక్కులకి బ్రేక్ పడదు. చక్రం నట్లు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి పదిహేను ఇరవైకి ఓ మోస్తరు బలంతో వేగం తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ పెంచడం, మధ్యలో కాస్త చల్లారనివ్వడం, ఇలా ఓ పది సార్లు చేసి ప్యాడ్లని కుదురుకోనివ్వండి. తిరిగొచ్చి పూర్తిగా చల్లారాక రిజర్వాయర్‌లో మట్టం చూడండి, పిస్టన్లు నెట్టినప్పుడు పెరిగి గరిష్ఠ గీత దాటి ఉంటే సిరంజితో తీసేయండి. మర్నాడు మొదటిసారి చేసినట్టే బ్రేక్ వాడకుండా నడిపి మళ్ళీ వేడి కొలవండి. నాకు ఎడమకీ కుడికీ తేడా నాలుగైదు డిగ్రీలకి వచ్చింది, దాంతో కుడివైపు బ్రాకెట్ కూడా విప్పి గీకేశాను, అక్కడా తుప్పు మొదలై ఉంది.